నలభై నాలుగు ఇరవైలు, మీద నాలుగు

సంగారెడ్డి బస్టాండులో పటాన్‌చెరు బస్సు కోసం నిలబడి ఉండగా వెనకనుంచి ఎవరో "నర్సమ్మా, మంచిగున్నవా?" అని పలకరించారు. తిరిగి చూస్తే, నేను ఒకప్పుడు నర్సుగా తిరిగిన ఊరి మనిషి. ఒంటిమీద ఫ్యాక్టరీ ఖాకీ చొక్కా, చేతిలో టిఫిను డబ్బా. నేను ఆ ఊరు వెళ్ళి మూడేళ్ళు దాటింది. వానల గురించి, బస్సుల గురించి, ఫ్యాక్టరీ నీళ్ళు పారి చెడిపోయిన బావి గురించి మాట్లాడాక అతను "మీ ముసల్ది పోయింది గద, ఎర్కనా?" అన్నాడు.

"ఏ ముసలామె?" అన్నాను. ఊరికే అడిగాను. ఎవరో నాకు తెలుసు.

"గదే, దినాం చుట్లు తిర్గేది. ఫ్యాక్టరీ గోడ పొంటి నడ్సుకుంట నడ్సుకుంట ఆన్నే కూలవడ్డదట. వాచ్‌మన్ సూసి చెప్పిండు."

అతని బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు. నాకు ముందు గుర్తొచ్చింది ఆమె మొహం కాదు, ఆమె నంబరు. పదిహేడు. నా రిజిస్టర్లో ఆమెకు పేరు లేదు. పేరు రాయాల్సిన చోట ఒక అడ్డగీత ఉంటుంది, చెప్పనంది కాబట్టి.

మొదటి రోజు గుమ్మంలో అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చుంది, నేను లోపలికి పోకుండా. పేరు చెప్పమన్నాను.

"పేరెందుకు?"

"రాసుకోవద్దా అవ్వా?"

"రాస్కొని?"

"దవాఖాన కాయితాలల్ల పెడతం."

"పెట్టి?"

పెట్టి, చూసి, పంపి, దాచి అంటూ నన్ను జిల్లా ఆఫీసు దాటించి, హైదరాబాదు దాటించి, ఢిల్లీ దాకా తీసుకెళ్ళి అక్కడ వదిలేసింది. "నా పేరు ఢిల్లీల ఎవలకు గావాలె బిడ్డా?" అంది. నిజమే, ఎవరికి కావాలి! పక్కింట్లో అడిగి రాసుకుంటే అయిపోయేది. కానీ నాకూ పౌరుషం ఉంది, ఆమే చెప్పాలి అనుకున్నాను. ఏడాదిన్నర గడిచినా చెప్పలేదు. తర్వాత వేరే కాగితాల మీద ఆ పేరు చూశాను గానీ, ఆమె చెప్పని పేరు ఇక్కడ నేనెందుకు రాయాలి?

నాడి చూడాలి, చెయ్యి ఇమ్మంటే పిడికిలి బిగించి ఇచ్చేది, బొటనవేలు లోపల దాచుకుని. మొదట్లో చేతికి నొప్పేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆమె మొగుడి వేలిముద్ర ఒకప్పుడు ఎవరో తీసుకున్నారట, దేనికో ఆయనకు తెలియకుండానే. ఆ ఏడు వాళ్ళ మెట్టచేను, చెలక ఒకటి పరాయివాళ్ళ పాలయింది. అప్పటినుంచి చేతిలో కాగితం ఉన్న మనిషి కనబడితే చాలు, ఆమె రెండు బొటనవేళ్ళూ లోపలికి వెళ్ళిపోయేవి.

బలానికి మాత్రలు ఇచ్చాను. ముందు కోడికి వేసింది. రెండు రోజులు ఆ కోడిని కనిపెట్టుకుని ఉంది. మూడో రోజు అది గుడ్డు పెట్టింది. అప్పుడైనా తను మింగిందా? లేదు, మిగతా మాత్రలన్నీ కోడికే వేసింది.

"దీనెన్క ఏమున్నది?" ఇది ఆమె మాట. పక్కింటామె గిన్నెలో కూర తెచ్చిస్తే, దీనెనక ఏమున్నది? హత్నూరకు ఇచ్చిన కూతురు పండగ కాకుండా ఊరికే చూసిపోదామని వస్తే, దీనెనక ఏమున్నది? రోహిణిలోనే వాన పడితే కూడా చూరు కింద నిలబడి మొగులు వంక అదోలా చూస్తూ, "గింత ముందుగల్ల ఎందుకొచ్చింది?" అనుకునేది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నాకు ఆమెను చూస్తే ఒళ్ళు మండేది. ఆ ఊళ్ళో అందరి కంటే ఆమె ఇంటికే ముందు వెళ్ళాలనీ అనిపించేది. ఎందుకో నేను చెప్పలేను.

మా పని సంగతి చెప్పాలి. హైదరాబాదులో పెద్ద కాలేజీలో పనిచేసే ఒక డాక్టరుగారు మా ప్రాంతంలో ఒక పరిశోధన మొదలుపెట్టారు. అప్పుడే పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. పొలాలు పోతున్నాయి, కొడుకులు షిఫ్టులకు పోతున్నారు. డెబ్భై ఏళ్ళదాకా నాగలి పట్టిన ముసలివాళ్ళు పనిలేక అరుగుల మీద కూర్చుంటున్నారు. కూర్చున్న ఏడాదికే మోకాళ్ళు పట్టేస్తున్నాయి, నాలుగడుగులకు ఆయాసం వస్తోంది. "వీళ్ళకు కావలసింది మందు కాదమ్మా, నడక. రోజూ ఇంతసేపని నడిస్తే ఏమవుతుందో వారం వారం రాసి చూద్దాం" అన్నారు డాక్టరుగారు. మంచి మనిషి. పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడతారు, ముసలివాళ్ళ కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని చూస్తారు. సర్కారు దవాఖాన నుంచి నన్ను ఆ పనికి వేశారు. ఒక్క ఊళ్ళో నలభై మంది ముసలివాళ్ళు నా వంతు.

తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. "పుట్టినకాన్నుంచి నడ్సుడే అయిపాయె, ఇప్పుడు ఈ పిల్ల మనకు నడక నేర్పుతదట" అని అరుగు అరుగంతా నవ్వింది. నవ్వితే ఫరవాలేదు. నవ్వు తర్వాత అనుమానం మొదలైంది. అవి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల రోజులు. ఊరి మొదట్లో నా తెల్ల చీర కనబడితే చాలు, పెళ్ళయిన మగవాళ్ళు జొన్నచేలల్లో దూరేవాళ్ళు. ముసలివాళ్ళ పేర్లు రాస్తున్నానంటే కొడుకుల పేర్లు కూడా రాస్తానని ఒక పుకారు. బాగా నడిచినవాళ్ళను ఫ్యాక్టరీలో మట్టిపనికి పెడతారని ఇంకొకటి. నడవలేనివాళ్ళను లారీ ఎక్కించి ఎక్కడో దింపివస్తారని మూడోది. మూడోది పుట్టించింది ఎవరో నాకు తెలుసు, పదిహేడో నంబరే.

నెల రోజులు నా మొహం చూడని మనిషి, ఒకరోజు తనంతట తానే నేను కూర్చున్న బడి వరండాకు వచ్చింది.

"నడుస్త. గని నీ రోడ్డు మీద నడువ. నా గట్టు మీద నడుస్త" అంది.

"ఎక్కడైతేంది అవ్వా, నడిస్తే చాలు."

"ఒక్క సుట్టుకు ఎన్ని అడ్గులో రాస్తవా?"

"రాస్త. రాయాలె గద."

"సర్కారు కాయితం మీదనేనా?"

మా పచ్చ కార్డు తీసి చూపించాను. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు, అది వాళ్ళింట్లోనే ఉంటుంది. వారానికోసారి నేను వెళ్ళి అడిగి రాస్తాను, ఎన్ని చుట్లు, చుట్టుకు ఎన్ని అడుగులు, నాడి ఎంత అని. మళ్ళీ అదే నా రిజిస్టర్లో ఎక్కించుకుంటాను. పైన దవాఖాన ముద్ర ఉంది. ఆ ముద్రను ఆమె చాలాసేపు చూసింది. వాసన కూడా చూసింది. కార్డు చీర కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. నా మాటలకు లొంగిందని నేను పొంగిపోయాను. డాక్టరుగారికి ఉత్తరం కూడా రాశాను, ఊళ్ళో అందరికంటే మొండి మనిషి దారికి వచ్చిందని.

మొదటి వారం అడిగాను. "నలబై నాల్గు ఇర్వైలు, మీద నాల్గు" అంది. ఆమె లెక్కంతా ఇరవైల్లోనే. ఇరవై అయితే ఒక ఆముదం గింజ కుడిచేతి నుంచి ఎడమచేతికి మారుతుంది. ఎనిమిది వందల ఎనభై నాలుగు అని రాసుకున్నాను.

రెండో వారం, నలభై నాలుగు ఇరవైలు, మీద నాలుగు. మూడో వారం అంతే. నాలుగో వారం నేను అడగకముందే అదే చెప్పింది.

మిగతా ముప్ఫై తొమ్మిది మందికీ అంకెలు కిందికీ పైకీ పోతున్నాయి. ఒకాయనకు కాలు వాచింది, ఒకామెకు జ్వరం, ఒకాయన దోస్తును కలుపుకుని రెట్టింపు నడిచాడు. పదిహేడుకు మాత్రం అడుగు తగ్గదు, అడుగు పెరగదు. నాకు అనుమానం మొదలైంది. ఇంట్లో కూర్చుని నోటికొచ్చిన లెక్క ఒప్పజెప్తోంది అనుకున్నాను. అనుమానం ఆమె సొత్తేనా ఏం? ఏ మనిషి దగ్గర తిరిగితే ఆ మనిషి గుణం మనకూ అంటుతుంది.

ఇంతలో హత్నూర వైపు ఇదే పని చేసే ఒకతన్ని డాక్టరుగారు పనిలోంచి తీసేసి ఇంటికి పంపించారు. అతని రిజిస్టర్లో ఒకే అంకె వారాల తరబడి ఉందట. డాక్టరుగారు ఎవరినీ తిట్టరు. మమ్మల్నందరినీ కూర్చోబెట్టి మెల్లిగా చెప్పారు. "మనిషి ఒళ్ళు ఏ రెండు వారాలూ ఒకేలా ఉండదు. అంకెలు ఒకేలా ఉన్నాయంటే మీరు వెళ్ళలేదని అర్థం. ఇంకో సంగతి. కాళ్ళకు బలం వస్తే అడుగు సాగుతుంది. అడుగు సాగితే చుట్టుకు అడుగులు తగ్గాలి. అది మనకు కనబడాలి."

బస్సులో సంగారెడ్డి తిరిగి వస్తూ నా రిజిస్టరు తెరిచాను. పదిహేడో నంబరు ఎదురుగా ఎనిమిది వందల ఎనభై నాలుగు, ఒకదాని కింద ఒకటి. నేను ఎండలో మూడు మైళ్ళు నడిచి వెళ్ళి అడిగి రాసిన అంకెలవి. చూస్తే మాత్రం ఇంట్లో మంచం మీద కూర్చుని రాసినట్టున్నాయి. నా నౌకరి పర్మినెంటు కాలేదు. ఇంట్లో తిండి నా జీతం మీదే నడుస్తోంది.

ఆ తర్వాతి వారం ఆమె "నలబై నాల్గు ఇర్వైలు, మీద నాల్గు" అంటే నేను కార్డు మీద ఎనిమిది వందల డెబ్భై తొమ్మిది అని రాశాను. ఆ పై వారం ఎనభై ఒకటి. తర్వాత డెబ్భై రెండు. ఒక్కసారిగా తగ్గిస్తే బాగుండదని మధ్య మధ్య కొంచెం పెంచేదాన్ని. ఆమె చెప్పిన నిజం అబద్ధంలా ఉందని, దాన్ని మార్చి నిజంలా కనబడే అబద్ధం చేశాను. అప్పుడు మాత్రం నాకు అది తప్పనిపించలేదు. అసలు నడవని ముసలిదానికి నేను నడక రాసిపెడుతున్నాననుకున్నాను.

చలికాలంలో ఒక పొద్దున ఇక చూసేదాకా ఊరుకోనని ఆమె చేను దగ్గరికే వెళ్ళాను. ఆమె గట్టు మీద ఉంది. నన్ను చూసి, "ఏందో పట్టుకుందామని వచ్చినవ్" అంది. దొరికిపోయింది నేనే. నవ్వి ఆమె వెంట నడిచాను.

గట్టు మీద ప్రతి ఇరవై అడుగులకూ ఒక గుర్తు. ఒకచోట తెల్లరాయి, ఒకచోట పాతిన కుండపెంకు, ఒకచోట తంగేడు మొక్క. ఆమె పాదం సరిగ్గా గుర్తు పక్కన పడుతుంది, గింజ చేయి మారుతుంది. ముప్ఫై ఏళ్ళుగా నడిచిన గట్టు అది. ఆమె అడుగు ఆ గుర్తులకే అలవాటు పడిపోయింది, సాగమన్నా సాగదు, కుంచించమన్నా కుంచించదు. నేను ఆమె పాదాలే చూస్తూ నాకు నేను లెక్కపెట్టుకున్నాను. మొదటి రాయి దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఎనిమిది వందల ఎనభై నాలుగు అయింది.

జొన్నకంకి కాల్చి ఇచ్చింది. ఇచ్చేముందు నాలుగు గింజలు తను నోట్లో వేసుకుని నమిలి, "ఏం గలపలే, తిను" అంది. తను ఎవరి చేతి తిండీ నమ్మదు కాబట్టి ఎదుటివాళ్ళూ నమ్మరని ఆమె లెక్క. ఆ మర్యాదకు నాకు ఎంత ముద్దొచ్చిందో!

తింటూ ఉంటే చెప్పింది. "నీ నడక నాకెందుకు బిడ్డా, నీకేమన్న పిస్సనా? ఆ దిక్కు చేను మా మరిది కొడుకుది. యాడాది యాడాది నాగలితోని నా గట్టును ఇంతింత చెక్కుతుండు. నేను మళ్ళ మట్టేసుకుంట వస్తున్న. వాడు, వాని తండ్రి ఊరంత ఏమని చెప్పిండ్రంటే, మావోడే వాళ్ళ భూమి ముప్పై గుంటలు కలుపుకున్నడని. సచ్చిపోయినోని మీద దొంగ అన్న పేరు పెట్టిండ్రు. ఇది మూడెకరాల పది గుంటలు. రేపు ఫ్యాక్టరీ కోసం కొలుస్తరట. కాయితం తక్వ సూపెడితే మావోడు దొంగనే అయితడు. పైసలు ఎన్నన్న రానీ, పోనీ. మావోడు దొంగ గాదు."

మొగుడి పేరు కూడా నోటితో అనదు, "మావోడు" అంటుంది.

"వారం వారం సర్కారు కాయితం మీద నా గట్టు ఎంతో పడుతున్నది. నాకు గదే సాక్షి. ఈ వారంది రాసినవా?"

"రాస్తున్న అవ్వా."

కార్డు ఇచ్చింది. జొన్నకంకి మసి అంటిన వేళ్ళతో నేను కలం పట్టుకున్నాను. పై వరుసలో అంతకుముందు వారం రాసింది ఉంది, ఎనిమిది వందల యాభై ఐదు. ఇప్పుడు ఒక్కసారిగా ఎనభై నాలుగు అని రాస్తే? ముప్ఫై అడుగులు ఎలా పెరిగాయని డాక్టరుగారు అడుగుతారు. ముసలిదాని చాదస్తం, నాడి కార్డు చూసి భూమి కొలిచేవాడు ఎవడుంటాడు అని నాకు నేను చెప్పుకున్నాను. ఎనిమిది వందల యాభై ఒకటి అని రాసి ఇచ్చాను. ఆమె దాన్ని ఊదుకుంటూ ఆరబెట్టి మడిచింది.

ఎవరికైనా చూపించి చదివించుకుని ఉంటే అదే రోజు బయటపడేది. ఊళ్ళో చదువు వచ్చినవాళ్ళు లేకపోలేదు. కానీ ఆ కార్డు ఆమె ఒక్కరి చేతికీ ఇవ్వలేదు. చూస్తే చింపుతారు, లేకపోతే దిద్దుతారు. నేను రాసిన తర్వాత ఆ కార్డును నేను తప్ప ఎవరూ చూడకుండా ఏడాదిన్నర కాపాడింది.

మధ్యలో ఒకసారి డాక్టరుగారు వచ్చారు. బడి దగ్గర అందరినీ కూర్చోబెట్టి నా రిజిస్టరు తిరగేసి పదిహేడు దగ్గర ఆగారు. మొహం వెలిగిపోయింది. "ఈ అవ్వగారిని చూడండి. ఈ వయసులో అడుగు ఎంత చక్కగా సాగుతోందో! అందరూ ఈమెలా నడవాలి" అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. ఆమె నా చెవి దగ్గరికి వంగి, "గీయనెందుకు మెచ్చుకుంటున్నడు? ఏమన్న అడుగబోతున్నడా?" అంది.

ఎండాకాలంలో నోటీసులు వచ్చాయి. ఆమె చేను, మరిది కొడుకు చేను, ఆ వరుసంతా ఫ్యాక్టరీకి పోతుంది. పట్వారీ కాగితంలో ఆమెది రెండెకరాల ఇరవై గుంటలని ఉంది. మిగతా ముప్ఫై గుంటలు మరిది కొడుకు లెక్కలోకి ఎక్కాయి. చావడిలో విచారణ పెట్టారు. నాకూ కబురు వచ్చింది, నర్సమ్మను సాక్ష్యం పిలవమని పదిహేడో నంబరు అడిగిందట.

ఆ ఆఫీసరు చెడ్డవాడు కాదు. అది మరీ బాధ. అందరూ మాట్లాడేదాకా ఓపిగ్గా విన్నాడు. ఆమె లేచి, "నా భూమి మూడెకరాల పది గుంటలు. గొలుసు మల్ల ఏయుండ్రి" అంది. మరిది కొడుకు నవ్వాడు. ఆఫీసరు అతన్ని ఊరుకోమని, "ఊరికే మళ్ళీ కొలవమంటే కుదరదమ్మా. నీ దగ్గర ఏదైనా ఆధారం ఉంటే చూపించు, రేపే గొలుసు వేయిస్తాను" అన్నాడు.

ఆమె కొంగు విప్పింది. కార్డులు మూడయ్యాయి అప్పటికి, ఒక గుడ్డలో చుట్టి ఉన్నాయి. చావడి మెట్లెక్కి తన చేత్తో తనే బల్ల మీద పెట్టింది. "ఇగో. సర్కారు ముద్దెర ఉన్నది. వారం వారం నర్సమ్మ రాసింది. నా గట్టు సుట్టు నలబై నాల్గు ఇర్వైలు, మీద నాల్గు. ఒక్క అడుగు అటిటు గాలే" అంది. అందరి వంకా ఒకసారి చూసింది. అంత ధీమాగా ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు.

ఆఫీసరు చదివాడు. పైనుంచి కిందికి వేలు జరుపుతూ చదివాడు. రెండో కార్డు, మూడో కార్డు.

"ఎనిమిది వందల ఎనభై నాలుగు మొదట్లోనే ఉందమ్మా. తర్వాత డెబ్భై రెండు, యాభై ఒకటి, ముప్ఫై. మొన్న వారం ఎనిమిది వందల పన్నెండు. నీ కార్డు ప్రకారమే నీ చుట్టు తగ్గుతూ వచ్చింది."

ఆమెకు అర్థం కాలేదు. "గట్ల లేదు. సక్కగ సదువు సారూ" అంది. అతను మళ్ళీ చదివాడు. చావడిలో నవ్వులు మొదలయ్యాయి. ఆమె నా వైపు తిరిగింది. అనుమానంగా చూడలేదు. అతను తప్పు చదువుతున్నాడు, నువ్వు చెప్పు అన్నట్టు చూసింది.

ఆఫీసరు నన్ను అడిగాడు. "ఈ రాత మీదేనా?"

"నాదే సార్."

"ఆమె చెప్పింది చెప్పినట్టే రాశారా? అంకెలు ఎందుకు మారాయి?"

నిజం నా నాలుక మీదికి వచ్చింది. ఆమె చెప్పింది ఎప్పుడూ ఒకటే సార్, నేనే మార్చాను. అంతే, రెండు ముక్కలు. కానీ అక్కడ పట్వారీ రాసుకుంటున్నాడు. సర్కారు నర్సు సర్కారు కార్డులో దొంగ లెక్కలు రాసిందని ఆ కాగితం నడిచి నడిచి ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ముసలివాళ్ళ అడుగులు సార్, ఏ రోజూ ఒకలా పడవు."

ఆఫీసరు తల ఊపాడు. ఒప్పుకోదగ్గ మాటే మరి, మా డాక్టరుగారి మాటే. కార్డులు మడిచి ఆమెకు తిరిగి ఇచ్చాడు. మళ్ళీ గొలుసు వేయడానికి ఆధారం లేదన్నాడు. తర్వాతి మనిషిని పిలిచారు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్ళాను. ఆమె గట్టు మీద కూర్చుని ఉంది, నడవడం లేదు. నేను దగ్గర కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను, మట్టి దోసిట్లో పట్టి శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. ఆమె మామూలుగా, ధాన్యం ధర అడిగినట్టు అడిగింది.

"పట్వారి ఎంతిచ్చిండు?"

"ఎవ్వలు ఏం ఇయ్యలే అవ్వా."

"మా మరిది కొడుకిచ్చిండా? సిగ్గువడకు, చెప్పు. ఇచ్చేటోడే వాడు."

"నా పిల్లల మీద ఒట్టు. నేనేం తీస్కోలే. దినాం ఒక్కటే లెక్క రాస్తే మా డాక్టర్ సాబ్ నన్ను అనుమానిస్తడని మార్చిన. నిన్న నౌకరి పోతదని భయమైంది, అందుకే గట్ల చెప్పిన." ఏడుపు వచ్చేసింది నాకు. "పోదాం పా అవ్వా, ఇప్పుడే పోయి ఆఫీసరుకు నిజం చెప్త."

"వాడు రాత్రే హైదరాబాదు పోయిండు. కాయితం గూడ పోయింది" అంది.

నా మొహం వంక చూసింది. కూతురి మాట నమ్మని మనిషి, వానను నమ్మని మనిషి. నేను ఏమీ తీసుకోలేదంటే ఎలాగూ నమ్మదు, కనీసం అందుకైనా నన్ను తిడుతుంది, అది పడి వెళ్ళిపోదాం అనుకున్నాను. ఆమె వెంటనే నమ్మింది. నమ్మిన సంగతి ఆమె భుజాలు కిందికి జారడంలోనే నాకు తెలిసిపోయింది.

"ఏమన్న తీస్కొని జేసినా మంచిగుండేది బిడ్డా. గా ముప్పై గుంటలల్ల నీకన్న ఇంత ముట్టేది."